షోలాపూర్ నుంచి వైనరీ ట్రిప్: పేరు మోగని మంచి చోటును వెతుక్కోవడం ఎలా

మా షోలాపూర్ పద్మశాలి ఇళ్లలో "వైనరీకి వెళ్తున్నాం" అంటే పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మన మాటల్లో "వైన్స్" అంటే బీరు, విస్కీ అమ్మే షాపు కదా. అందుకని మొదట ఇంట్లో వాళ్లకు విషయం సరిగ్గా చెప్పండి: మనం వెళ్లేది ద్రాక్షతోటకు. అక్కడే పండించి, అక్కడే పిండి, పులియబెట్టి, సీసాల్లో నింపుతారు. ఆ పని మొత్తం చూసి, నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా రుచి చూసి, నచ్చితే ఒకటి రెండు సీసాలు కొనుక్కుని వస్తాం. మా అత్తమ్మ చుక్క ముట్టదు. అయినా ఒకసారి మాతో వచ్చి, తోటలో రెండు గంటలు తిరిగి, కొమ్మ కత్తిరింపు గురించి అక్కడి కూలీలతో మరాఠీలో మాట్లాడి, సంతోషంగా తిరిగొచ్చింది.

మాది ద్రాక్ష జిల్లా. ఇళ్లలో తినే సోనాకా, శరద్ సీడ్‌లెస్ రకాలు మా ఊరి పక్కన నాన్నజ్‌లో నానాసాహెబ్ కాళే తోటలో పుట్టినవే. అలాంటి జిల్లాలో ఉంటూ వైన్ అనగానే 400 కి.మీ. దూరంలోని నాసిక్ వైపే చూస్తాం, అక్కడ కూడా అందరూ వెళ్లే ఒకే గేటు ముందు నిలబడతాం. దగ్గరలో, తక్కువ ఖర్చులో, మనతో తీరిగ్గా మాట్లాడే మనుషులున్న చోటు వెతుక్కోవచ్చు. నేను ఎలా వెతుకుతానో చెబుతాను.

సీసా వెనక చదవండి

పుణెలో గానీ షోలాపూర్‌లో గానీ వైన్ రకాలు ఎక్కువ పెట్టే షాపుకు వెళ్లండి. ముందువైపు లేబుల్ మీద బొమ్మ, పేరు ఉంటాయి. మీకు కావలసింది వెనక లేబుల్. తయారుచేసి సీసాలో నింపింది ఎవరు, ఏ గ్రామం, ఏ తాలూకా అని అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటుంది. మార్కెటింగ్ చేసే కంపెనీ చిరునామా ముంబైలో ఉన్నా, తయారీ చిరునామా ఏదో పల్లెలో ఉంటుంది. ఆ పల్లె పేరు ఫోన్‌లో రాసుకోండి. ఒకే గ్రామం పేరుతో రెండు మూడు బ్రాండ్లు కనిపిస్తే, అక్కడ ఇతరులకు కూడా వైన్ చేసిపెట్టే వైనరీ ఉందన్నమాట.

ఇలా చదువుతూ పోతే మహారాష్ట్ర వైన్ ఊళ్లు మీకే గుంపులుగా కనిపిస్తాయి. నాసిక్ జిల్లాలో దిండోరి, నిఫాడ్, ఇగత్‌పురి తాలూకాలు. పుణె జిల్లాలో నారాయణ్‌గావ్, బారామతి వైపు. సాంగ్లీ జిల్లాలో పలూస్. మా షోలాపూర్ జిల్లాలో అక్లూజ్. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పాలసీ తెచ్చి, రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకంలో మినహాయింపు ఇచ్చింది. నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో వైన్ పార్కులు పెట్టింది. చిన్న వైనరీలు ఇంతగా పుట్టడానికి కారణం అదే.

అయితే పుట్టినవన్నీ నిలవలేదు. 2008-09 ప్రాంతంలో అమ్మకాలు పడిపోయి చాలా చిన్న వైనరీలు మూతపడ్డాయి. పేరు మ్యాప్‌లో ఇంకా ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది. అందుకే ఫోన్ చేయకుండా బయల్దేరకండి.

మ్యాప్‌లో ఏం చూడాలి

తాలూకా పేరు, పక్కన వైనరీ అని కొట్టి వెతకండి. స్టార్లు లెక్కపెట్టకండి. గత మూడు నెలల్లో రాసినవి మాత్రమే చదవండి, తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లవి ముందు చదవండి. "టూర్ చేయించిన మనిషికి ఏమీ తెలియదు" అని రాసి ఉంటే అది పట్టించుకోవలసిన ఫిర్యాదు. "స్విమ్మింగ్ పూల్ చిన్నది" అన్నది మనకు అక్కర్లేదు. ఫోటోల్లో స్టీల్ ట్యాంకులు, ఓక్ పీపాలు, తోట వరుసలు కనిపిస్తున్నాయా? అన్నీ సెల్ఫీలు, డీజే లైట్లే అయితే అది రిసార్టు. దాని తప్పు లేదు, మనం వెతికేది మాత్రం అది కాదు.

ఇంకో మంచి దారి, పెద్ద వైనరీలో వైన్ పోసే కుర్రాళ్లను అడగడం. "భావూ, సెలవు రోజున నువ్వు ఎక్కడికి వెళ్తావు?" అని అడిగితే పక్క ఊళ్లోని చిన్న చోటు పేరు చెబుతారు. ద్రాక్ష రైతులను కూడా అడగండి. వైన్ ద్రాక్షను కంపెనీలతో ఒప్పందం మీద పండించే రైతులకు, ఎవరు పంటను జాగ్రత్తగా ఏరి తీసుకుంటారో, ఎవరు లారీలో పోసుకుని పోతారో బాగా తెలుసు. జాగ్రత్తగా ఏరి తీసుకునే చోటే మీకు కావలసిన చోటు.

దారిలో మీరే గుర్తుపట్టవచ్చు కూడా. తినే ద్రాక్ష తోటలో తీగలు తలపైన పందిరిలా అల్లుకుని ఉంటాయి. వైన్ తోటలో చాలాచోట్ల కంచె కట్టినట్టు నిలువు వరుసల్లో ఉంటాయి. వైన్ ద్రాక్ష పండు చిన్నది, తొక్క మందం, లోపల విత్తనం, తీపి ఎక్కువ. రెడ్ వైన్‌కు రంగు ఆ తొక్క నుంచే వస్తుంది, వగరు తొక్క, విత్తనాల నుంచి వస్తుంది.

దగ్గర నుంచి మొదలుపెట్టండి

షోలాపూర్ నుంచి అక్లూజ్ సుమారు 110 కి.మీ. అక్కడ మోటేవాడిలో ఫ్రాటెల్లి వైనరీ ఉంది. ఆ బ్రాండ్ పేరు చాలామందికి తెలుసు, కానీ అది మా జిల్లాలో ఉందని మా వీధిలోనే పదిమందిలో తొమ్మిదిమందికి తెలియదు. ఇటలీకి చెందిన సెక్కీ సోదరులు, ఢిల్లీకి చెందిన సేఖ్రీ సోదరులు, అక్లూజ్‌కు చెందిన మోహితే పాటిల్ సోదరులు కలిసి 2007లో మొదలుపెట్టారు. ఇటాలియన్‌లో ఫ్రాటెల్లి అంటే అన్నదమ్ములు. ఇటలీ టస్కనీ ప్రాంతపు సాంజొవేసే ద్రాక్ష మన అక్లూజ్ ఎండలో ఎలా పండుతుందో చూడాలంటే అక్కడికే వెళ్లాలి. బస కూడా తోటలోనే ఉంటుంది, గదులు కొద్ది కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. అంత ఖర్చు వద్దనుకుంటే అక్లూజ్ ఊళ్లో లాడ్జిలో దిగి, పగలు తోటకు వెళ్లిరండి. నీరా నది ఒడ్డున అక్లూజ్ కోట, దానిలో శివాజీ జీవితాన్ని బొమ్మల్లో చూపే శివసృష్టి పిల్లలకు బాగా నచ్చుతాయి.

దారిలో పండరిపురం వస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే శనివారం పొద్దున్నే విఠోబా దర్శనం ముగించి, ఆ తర్వాత అక్లూజ్ వెళ్లండి. తిరుగు ప్రయాణంలో తాగిన నోటితో గుడికి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు, అందుకే దర్శనం ఎప్పుడూ ముందే పెట్టుకుంటాం.

రెండో దారి పుణె హైవే. షోలాపూర్ నుంచి సుమారు 190 కి.మీ. వెళ్తే పాటస్, అక్కడి నుంచి బారామతి వైపు తిరిగితే రోటీ గ్రామం దగ్గర కొండ మీద ఫోర్ సీజన్స్ వైనరీ. ఈ దారిలో అసలు లాభం భిగ్వణ్. చలికాలం నుంచి మార్చి దాకా ఉజనీ డ్యామ్ బ్యాక్‌వాటర్‌లో రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగుతాయి, వైన్ ద్రాక్ష కోత కూడా దాదాపు అదే కాలం. పొద్దున్నే పడవలో పక్షులు, మధ్యాహ్నం భిగ్వణ్‌లో చేపల భోజనం, సాయంత్రం వైనరీ. నేను చేసిన ట్రిప్పుల్లో పైసా వసూల్ అంటే ఇదే.

నాందేడ్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగువాళ్లకు నాసిక్ లెక్క వేరు. మీకు దేవగిరి, తపోవన్ ఎక్స్‌ప్రెస్‌లు నాందేడ్ నుంచి మన్మాడ్ మీదుగా నేరుగా నాసిక్ రోడ్‌కు ఉన్నాయి. కారు అక్కర్లేదు, దిగాక ఒకరోజుకు టాక్సీ మాట్లాడుకుంటే చాలు. నాసిక్‌లో సూలా ఒక్కటే చూసి రాకండి. 1999లో మొదలైన ఆ కంపెనీయే నాసిక్‌ను వైన్ ఊరుగా నిలబెట్టింది, ఆ గౌరవం దానికి ఇవ్వాల్సిందే. కానీ శని, ఆదివారాల్లో అక్కడి రద్దీలో మీ ప్రశ్నకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. గంగాపూర్ డ్యామ్ వైపు సోమా, ఇగత్‌పురి తాలూకా సంజేగావ్‌లో ముకణే డ్యామ్ దగ్గర వలోనే, నిఫాడ్ వైపు రెవీలో లాంటివి చిన్నవి. ఈ మూడింటికీ ఫోన్ చేసి, మీకు సరిపడే ఒకటి ఎంచుకోండి.

చంద్రపూర్, గడ్చిరోలి, సిరొంచ వైపు ఉన్నవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. వార్ధా జిల్లాలో అంతకుముందు నుంచే ఉంది. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో తీసేశారు. నిషేధం ఉన్న జిల్లాకు బిల్లు ఉన్నా సరే సీసా తీసుకెళ్లకండి, ఆ జిల్లా మీదుగా వెళ్లేటప్పుడు కూడా వద్దు. మీరు అక్కడ రుచి చూసి, తోట చూసి, ఖాళీ చేతులతో రండి.

ఎప్పుడు వెళ్లాలి

మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో ఒకటి, దాన్ని ఇక్కడ ఖరడ్ ఛాటణీ అంటారు. అక్టోబరులో రెండోది, కాయ కోసం. అక్టోబరు కత్తిరింపు పంట జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తుంది. ఫిబ్రవరి అన్నిటికంటే మంచి నెల. ఎండ తట్టుకునేంతే ఉంటుంది, తీగ మీద పండు ఉంటుంది, లోపల యంత్రాలు తిరుగుతుంటాయి. కోత పొద్దు పొడవకముందే మొదలవుతుంది, పండు చల్లగా ఉండగానే లోపలికి చేరాలని. వీలైతే పొద్దున పది లోపు అక్కడ ఉండండి. క్రేట్లు దిగడం, తొడిమలు వేరు చేయడం, రసం పిండడం మీ కళ్ల ముందే జరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే 42 డిగ్రీల ఎండలో మోడు తీగలు, ఖాళీ యంత్రాలు చూసి రావాలి. జూలై, ఆగస్టుల్లో తోట పచ్చగా అందంగా ఉంటుంది, జనం తక్కువ, గదుల ధరలు కూడా తగ్గుతాయి. పంట చూడకపోయినా పర్వాలేదనుకునే వాళ్లకు అది బాగుంటుంది.

డ్రై డేలు, అంటే మద్యం అమ్మని రోజులు చూసుకోండి. లాంగ్ వీకెండ్ వచ్చిందని జనవరి 26కు ప్లాన్ వేస్తారు, ఆ రోజు చుక్క పోయరు. ఆగస్టు 15, అక్టోబరు 2 కూడా అంతే. ఆషాఢ, కార్తీక ఏకాదశులకు పండరిపురం దారిలో వారకరీల, అంటే విఠోబా దర్శనానికి నడిచివచ్చే భక్తుల రద్దీ కూడా ఉంటుంది, ఆ వారాల్లో అక్లూజ్ ట్రిప్ పెట్టుకోకండి. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసేముందు 48 గంటలు బంద్.

ఇంకో మాట, ఆదివారం మధ్యాహ్నం వద్దు. నేను ఒకసారి బుకింగ్ లేకుండా ఆదివారం మూడు గంటలకు నాసిక్ వైపు ఒక వైనరీకి వెళ్లాను. నిలబెట్టి పది నిమిషాల్లో నాలుగు గ్లాసులు పోసి పంపేశారు. ఏది ఏ ద్రాక్షో కూడా తెలియలేదు. డబ్బు కంటే, అంత దూరం వెళ్లి ఏమీ తెలుసుకోకుండా వచ్చానన్న బాధ ఎక్కువైంది. శనివారం పొద్దున గానీ, శుక్రవారం గానీ వెళ్లండి.

ఫోన్‌లో అడగాల్సినవి

టేస్టింగ్‌లో ఎన్ని రకాలు పోస్తారు, ఒక్కోటి ఎన్ని ఎం.ఎల్.? ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్తారా, కౌంటర్ దగ్గరే పోసి పంపేస్తారా? చూపించేది వైన్ చేసే పనిలో ఉన్న మనిషేనా? సీసాలు కొంటే టేస్టింగ్ డబ్బు తగ్గిస్తారా? తాగని వాళ్లకు, పిల్లలకు ప్రవేశ రుసుము ఉందా? శాకాహార భోజనం దొరుకుతుందా? హిందీలో అడిగినా జవాబు వస్తుంది, మరాఠీలో అడిగితే ఆప్యాయంగా వస్తుంది.

ధర సరైనదో కాదో లెక్క వేయడం సులువు. మామూలుగా ఒక్కో రకం 30 ఎం.ఎల్. చొప్పున పోస్తారు. ఐదు రకాలంటే 150 ఎం.ఎల్., అంటే 750 ఎం.ఎల్. సీసాలో ఐదో వంతు. వాళ్ల సీసా సగటున 900 రూపాయలనుకుందాం, అప్పుడు ఐదో వంతు 180. టేస్టింగ్ 400 అడిగితే, మిగిలిన 220 టూర్‌కు, మాటలకు ఇస్తున్నట్టు. గంటసేపు తోట, ట్యాంకులు, పీపాలు చూపించి అడిగినవన్నీ చెబితే ఆ 220 నేను సంతోషంగా ఇస్తాను. కౌంటర్ దగ్గర పోసి పంపేస్తే ఇవ్వను. రోజుకు ఒక్క వైనరీ చాలు. మూడు తిరిగితే మూడోచోట నాలుకకు ఏమీ తెలియదు.

వయసు నియమం కూడా గుర్తుంచుకోండి. మహారాష్ట్రలో వైన్‌కు 21 నిండాలి, విస్కీ, రమ్ లాంటి వాటికి 25. అందరూ ఐడీ కార్డు పెట్టుకోండి.

అక్కడికి వెళ్లాక

ఆ పొద్దున పాన్, గుట్కా, తంబాకు వద్దు, అత్తరు వద్దు. వైన్‌లో సగం రుచి ముక్కుకే తెలుస్తుంది. మీరు అత్తరు పూసుకుంటే పక్కవాళ్ల టేస్టింగ్ కూడా పాడవుతుంది. ఖాళీ కడుపుతో వెళ్లకండి, టిఫిన్ తినే వెళ్లండి.

పులియడం మనకు కొత్త సంగతి కాదు. చెట్టు దించిన కల్లు పొద్దున తియ్యగా ఉండి మధ్యాహ్నానికి పులుస్తుంది. వైనరీలో జరిగేదీ అదే, కాకపోతే చల్లగా, మెల్లగా, కొలతతో. తెల్ల వైన్‌కు రసం పిండి, తొక్క తీసేసి, చల్లని స్టీల్ ట్యాంకులో రెండు మూడు వారాలు పులియబెడతారు. రెడ్‌కు తొక్కతో సహా పులియబెడతారు. కొన్నిటిని తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. పీపాల గదిలోకి వెళ్లినప్పుడు నిలబడి ఊపిరి పీల్చండి, చెక్క, వెనిల్లా కలిసిన ఆ వాసన తర్వాత గ్లాసులో మీకు దొరుకుతుంది.

రుచి చెప్పడానికి ఇంగ్లిష్ మాటలు రాలేదని మొహమాటపడకండి. మన మాటలు చాలు. పులుపు ఎంత, తీపి ఎంత, వగరు ఎంత అని చూడండి. నేరేడుపండు తిన్నాక, వక్క నమిలాక నాలుక మీద పట్టేసినట్టు ఉంటుందే, ఆ వగరే రెడ్ వైన్‌లో టానిన్. చిక్కదనం చూడాలంటే మజ్జిగకూ పాలకూ నోట్లో ఉండే తేడా గుర్తు తెచ్చుకోండి. మొదట తెల్లవి, తర్వాత రెడ్, తియ్యటివి చివర. మొదటిసారి వెళ్లేవాళ్లకు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ తేలిగ్గా నచ్చుతుంది, కాస్త తీపి ఉన్న రకం మన కారం వంటకాలతో కూడా కుదురుతుంది. వగరు రెడ్‌తో ఎర్ర కారం తింటే నోరు మండుతుంది. మా బావ షేంగా (వేరుశనగ) చట్నీ, కడక్ భాకరి (గట్టి జొన్నరొట్టె) జేబులో పెట్టుకుని వచ్చి షిరాజ్ అనే రెడ్‌తో తిన్నాడు, తర్వాత రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. అదే చట్నీ షెనిన్‌తో చాలా బాగుంది.

పక్కన ఒక ఖాళీ పాత్ర పెడతారు. రుచి చూసి అందులో ఉమ్మేయవచ్చు, మిగిలింది పారబోయవచ్చు. వైన్ చేసేవాళ్లే రోజూ ఉమ్ముతారు, ఇందులో తప్పు లేదు. కానీ కారు నడిపే మనిషి ఉమ్మడం మీద కూడా ఆధారపడకూడదు. రక్తంలో 100 ఎం.ఎల్.కు 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బయల్దేరేముందే తేల్చుకోండి. మా ఇంట్లో వంతులు ఉన్నాయి. "వదినా, ఈసారి స్టీరింగ్ నాది, నా వాటా రెడ్ సీసా నువ్వు మోయాలి" అని ముందే ఒప్పందం.

సీసాలు ఇంటికి చేర్చడం

షాపులో మామూలుగా దొరికేవి అక్కడ కొనకండి. వైనరీలోనే అమ్మేవి, తక్కువ సంఖ్యలో చేసినవి ఏమున్నాయని అడిగి అవి కొనండి. బిల్లు, ఒకరోజు పర్మిట్ అడిగి తీసుకుని సీసాలతోనే ఉంచండి. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక వైపు తీసుకెళ్లే వాళ్లు ఆ రాష్ట్ర ఎక్సైజ్ నియమం ముందే చూసుకోవాలి.

ఎండలో నిలిపిన కారు డిక్కీ వైన్‌ను వండేస్తుంది. ఒక ఏప్రిల్‌లో మధ్యాహ్నం భోజనానికి ఆగి వచ్చేసరికి నా రెండు సీసాల కార్కులు పైకి తోసుకొచ్చాయి, ఇంటికెళ్లి తీస్తే ఉడికిన ఎండుద్రాక్ష వాసన. అప్పటి నుంచి సీసాలు డిక్కీలో పెట్టను. సీటు కింద, పాత షోలాపూర్ చద్దరును తడిపి పిండి చుట్టి, ఏసీ గాలి తగిలేలా పెడతాను. ఇంటికి చేరాక స్క్రూ మూత ఉన్నవి నిలబెట్టవచ్చు, కార్కు ఉన్నవి పడుకోబెట్టండి, వంటింట్లో కాకుండా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో. ప్రయాణంలో కుదిలిన సీసాను వెంటనే తెరవకుండా ఓ వారం వదిలేయండి. వచ్చే శనివారం తెల్లదాన్ని రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, రెడ్‌ను ఇరవై నిమిషాలు మాత్రమే పెట్టి తీసి, ట్రిప్‌కు రాలేకపోయిన వాళ్లను భోజనానికి పిలవండి.